మంచు పొరలు

తెలుగులో మంచుకు ఒక్కటే మాట. తెల్లవారుజామున గడ్డిపరక కొసన నిలిచే బిందువు మంచే. పుష్యమాసంలో మారేడుపల్లి వీధులను కప్పివేసే తెల్లని పొగ మంచే. చెరకురసం బండి మీద గోనెసంచిలో చుట్టిపెట్టిన గడ్డ మంచే. హిమాలయాల మీద దూదిపింజల్లా రాలేదీ మంచే. అనుభవం లేని వస్తువుకు పేర్లు పుట్టవు కనుక ఇది మన భాష లోపం కాదు; మన భూగోళం చేసిన ఏర్పాటు. ఇక సంస్కృతం నుంచి తెచ్చుకొన్న హిమపాతమనే మాటకు రెండర్థాలున్నాయి: మంచు కురవడం, మంచు కూలడం. పత్రికలో ఆ మాట కనబడితే తరువాతి వాక్యం చదివేదాకా అది విహారయాత్ర వార్తో, మరణవార్తో తెలియదు. కొండచరియలను చూసి కల్పించుకొన్న మంచుచరియలే కొంత నయం. ఈ వ్యాసంలో ఆ మాటే వాడతాను.

మంచు తెలియకపోయినా కొండ మనకు బాగా తెలుసు. సికింద్రాబాదులో ఏ మేడ మీదికెక్కినా ఏదో ఒక గుట్ట కనబడుతుంది. మౌలాలి గుట్ట మీద, తిరుమలగిరి చుట్టుపక్కల ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న బండరాళ్ళు ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లేటట్లు కనబడతాయి కాని దొర్లవు. ఆ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అందుకే మన నుడికారంలో కొండ నమ్మకానికి గుర్తు. కొండంత అండ అంటాం. కొండ కదలివచ్చి మనిషిని కప్పివేస్తుందన్న ఊహ మన సామెతలలో ఎక్కడా నాకు తగల్లేదు.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్ ఉత్తర భాగంలో, సుమారు 19,600 అడుగుల ఎత్తున, సోనం అనే స్థావరం మీద మంచుగోడ కూలింది. మద్రాసు రెజిమెంటు 19వ బెటాలియనుకు చెందిన పదిమంది దాని కింద చిక్కుకొన్నారు. దాదాపు అందరూ దక్షిణాదివారే: కర్ణాటక, తమిళనాడు, కేరళ, ఒకరు మహారాష్ట్ర. ఆంధ్రప్రదేశ్ నుంచి ఒకరున్నారు. సిపాయి ముస్తాక్ అహ్మద్, ఊరు నాటి కర్నూలు జిల్లాలోని పార్నపల్లి. ఆరురోజుల తవ్వకం తరువాత లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ఒక్కరే ప్రాణంతో దొరికారు. గుడారంలో చిక్కిన గాలి ఆయనను అన్నాళ్ళు నిలిపింది. ఫిబ్రవరి 11న ఢిల్లీ సైనిక ఆసుపత్రిలో ఆయన కూడా కన్నుమూశారు.

నల్లరేగడి నేలలో పుట్టినవాడు మంచు కింద మరణించడం నన్ను చాలాకాలం వెంటాడింది. సికింద్రాబాదు స్టేషనులో ఢిల్లీ బండి ఎక్కే సైనికులను, వారి నల్లరేకు పెట్టెలను, ఆ పెట్టెల మీద తెల్లరంగుతో వ్రాసిన పేర్లను చూసినప్పుడల్లా ఒక ప్రశ్న మెదిలేది. కొండ ఎప్పుడు కదులుతుందో ముందుగా చెప్పగల విద్య ఉన్నదా? ఉంటే దానిని ఎవరు నేర్చారు, ఎవరి ప్రాణాలతో నేర్చారు? తెలుసుకొన్నంతవరకు ఆ చరిత్రను ఇక్కడ పెడుతున్నాను.

* * *

ముందు విషయం. కొండవాలు మీద పేరుకొన్న మంచు ఒకే ముద్ద కాదు. చలికాలంలో కురిసిన ప్రతి వాన, అంటే ప్రతి మంచువాన, ఒక పొర. రెండు వానల మధ్య ఎండ కాస్తే ఒక పొర. గాలి వీస్తే ఒక పొర. నిర్మలమైన రాత్రి చలి పెరిగి మంచు ముఖం మీద ఈకల వంటి స్ఫటికాలు మొలిస్తే అదీ ఒక పొర. పైకి తెల్లగా, నున్నగా, అమాయకంగా కనిపించే ఆ వాలు నిజానికి ఆ సంవత్సరపు దినచర్య పుస్తకం. పుటలు ఒకదానిపై ఒకటి పడి ఉంటాయి. చివరి పుట మాత్రమే మనకు కనిపిస్తుంది.

ఈ పుటలు వ్రాసినవి వ్రాసినట్లు ఉండిపోవు. మంచు అడుగున, నేలకు ఆనిన చోట, ఉష్ణోగ్రత సాధారణంగా సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. పైన గాలి మైనస్ ఇరవై కావచ్చు. మంచు మందంగా ఉంటే ఈ తేడా నెమ్మదిగా సర్దుకొంటుంది. పల్చగా ఉంటే మాత్రం ఒక మీటరు లోతులో పది డిగ్రీలకు మించిన తేడా ఏర్పడుతుంది. అప్పుడు అడుగు నుంచి ఆవిరి పైకి లేచి రేణువులను కోణాలు తిరిగిన పలుకులుగా మార్చివేస్తుంది. అరచేతిలోకి తీసుకొంటే పంచదారలా జారిపోతుంది. పిడికిట బిగిస్తే ఉండ కట్టదు. ఆ పంచదార మీద తరువాతి వానలు గట్టిగా, పలకలాగా పేరుకొంటాయి. పైన పలక, కింద పంచదార, అడుగున వాలు. మంచుచరియకు కావలసిన సామగ్రి ఇంతే.

పాత సికింద్రాబాదు ఇళ్ళలో కాపురమున్నవారికి సున్నపు గోడ పెచ్చులూడటం తెలిసినదే. గోడ పైకి బాగానే ఉంటుంది. ఎప్పటి వానల చెమ్మో లోపల చేరి పూతకూ గోడకూ మధ్య పట్టు తప్పి ఉంటుంది. ఒకనాడు పటం తగిలించడానికి మేకు కొడతాం. మేకు దిగిన చోటు వేలెడంత, ఊడిపడే పెచ్చు చాటంత. తప్పు మేకుదని అనిపిస్తుంది కాని అది ఏనాటి వానదో. మంచువాలు మీద ఆ మేకు మనిషి. పలక మీద అతని బరువు పడినచోట కింది పంచదార పొర కుంగుతుంది. కుంగిన చోటి నుంచి పగులు కనుమూసి తెరిచేలోగా అన్నివైపులా పాకుతుంది. వాలు వాలంతా ఒక్కసారి కదులుతుంది. వినోదానికి కొండలెక్కి మంచుచరియలలో మరణించినవారిలో అత్యధికులను కూల్చిన పలకలు వారి అడుగుల వల్లో, వారి తోటివారి అడుగుల వల్లో కదిలినవేనని పాశ్చాత్యదేశాల లెక్కలు చెబుతున్నాయి.

వాలు కూడా ముఖ్యం. పలకలు కదిలేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలులలో. మరీ నిటారుగా ఉంటే మంచు నిలవక చిన్నచిన్నగా రాలిపోతుంది. మరీ చదునుగా ఉంటే జారదు. 30 డిగ్రీలంటే సుమారుగా మన ఇళ్ళ మేడమెట్ల వాలు. ప్రమాదకరమైన కొండ అంటే కళ్ళు తిరిగే కొండ అని మనం అనుకొంటాం కాని చంపేది చాలావరకు మెట్లెక్కినంత సులభంగా ఎక్కగలిగిన కొండ.

* * *

ఈ సంగతులు ఇలా పూసగుచ్చినట్లు చెప్పగలగడానికి చాలా ప్రాణాలు పోయాయి. ఆల్ప్స్ పర్వతాల పల్లెవాసులకు తరతరాలుగా ఏ చరియ ఎక్కడ దిగుతుందో తెలుసు. అది స్థలజ్ఞానం, ఆ పల్లెకే చెల్లుతుంది. మొదటి ప్రపంచయుద్ధం స్థలజ్ఞానం లేని వేలాది సిపాయిలను ఆ కొండల మీద నిలబెట్టింది. 1916 డిసెంబరు 13న మార్మొలాడా పర్వతం మీద ఆస్ట్రియా సైనికుల శిబిరాన్ని మంచుచరియ కప్పివేసి సుమారు 270 మందిని బలిగొన్నది. ఆ శిబిరం శత్రువు ఫిరంగులకు అందని చోటు చూసి కట్టినది. కొండ నుంచి ముప్పు ఉన్నదని అక్కడి అధికారి ముందే పైవారికి విన్నవించుకొన్నారు. పైవారు వినలేదు. కింద నిలబడినవాడు చూసినది పైన కూర్చున్నవాడికి చేరకపోవడం ఈ చరిత్రలో మళ్ళీ మళ్ళీ వచ్చే ఘట్టం.

రెండవ ఘట్టం ఎవరెస్టు మీద జరిగింది. 1922 జూన్ 7న జార్జి మాలరీ, మరి ఇద్దరు ఆంగ్లేయులు, పద్నాలుగురు కొండకూలీలు టిబెట్టు వైపు నుంచి నార్త్ కోల్ అనే కనుమకు ఎక్కుతున్నారు. అంతకు కొద్దిరోజుల ముందే దట్టంగా మంచు కురిసింది. తరువాత ఎండ కాసింది. మంచు గట్టిపడి ఉంటుందని వారి అంచనా. ఊరికే నమ్మి బయలుదేరలేదు; దారిలో మొదట వచ్చిన ఏటవాలు మీద మంచును కావాలని కదిలించి చూశామని మాలరీ తరువాత వ్రాసుకొన్నారు. అది కదలలేదు. ధైర్యం వచ్చింది. ఇంకా పైకి వెళ్ళిన తరువాత మరొక వాలు కదిలింది. తొమ్మిదిమంది కూలీలు కొట్టుకొనిపోయి మంచుగోడ అంచు నుంచి కిందపడ్డారు. ఏడుగురు మరణించారు. ఆంగ్లేయులు ముగ్గురూ బతికారు. ఎవరెస్టు మీద నమోదైన తొలి మరణాలు ఇవే.

ఈ సంఘటన దగ్గర నేను చాలాసేపు ఆగాను. మాలరీ అజాగ్రత్తపరుడు కాడు. పరీక్షించారు. పరీక్ష నెగ్గింది. కాని ఒక వాలు ఇచ్చిన జవాబు పక్క వాలుకు చెల్లదన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. గాలి ఒక వైపు మంచును ఎత్తుకొనిపోయి కొండకు మరో వైపు దించుతుంది. అవతలి వైపు అరచేయి మందం ఉన్న పలక ఇవతలి వైపు నిలువెత్తు ఉండవచ్చు. అడగవలసిన ప్రశ్నను సరైన చోట అడగకపోవడం ఆనాటి తప్పు. దానికి మూల్యం చెల్లించినది మాత్రం ఆ ప్రశ్నలో భాగం లేనివారు. 1937 జూన్‌లో నంగా పర్బత్ మీద జర్మనుల నాలుగవ శిబిరం ఒక్క రాత్రిలో మంచు కింద పూడిపోయినప్పుడు కూడా మరణించిన పదహారుమందిలో తొమ్మిదిమంది షెర్పాలే.

సరిగ్గా ఆ దశకంలోనే స్విట్జర్లాండులో కొందరు శాస్త్రవేత్తలు పార చేతబట్టారు. 1936లో దావోస్ పైన వైస్‌ఫ్లూయోహ్ అనే చోట మంచుతోనే గది కట్టుకొని పరిశీలనలు మొదలుపెట్టారు. మట్టిని చదివే ఇంజనీరు రాబర్ట్ హేఫెలి, స్ఫటికాలను చదివే హెన్రి బాడర్ వారిలో ముఖ్యులు. పునాది తవ్వేముందు నేల గట్టిదనాన్ని పరీక్షించినట్లే హేఫెలి ఒక ఇనుపకడ్డీని మంచులోకి దించి, పైనుంచి బరువు జారవిడిచి, ఒక్కో దెబ్బకు ఎంత దిగిందో లెక్కకట్టారు. మెత్తని పొర దగ్గర కడ్డీ ఒక్కసారి దిగబడుతుంది. పైకి కనబడని పుట అలా చేతికి తగిలింది. మంచు రూపాంతరాలపై వారి గ్రంథం 1939లో వెలువడింది. 1942లో అక్కడ ప్రభుత్వ పరిశోధనాసంస్థ ఏర్పడింది. మంచు తత్త్వం పైకి కనిపించే రూపంలో కాక లోపలి పొరలో ఉన్నదని తేల్చడం వారి ఘనత. ఇప్పటికీ ఈ విద్యకు మూలసూత్రం అదే.

* * *

ఇప్పుడు ఆ పుస్తకాన్ని ఎలా చదువుతారో చూద్దాం. దాటబోయే వాలును పోలిన సురక్షితమైన చోట నేల తగిలేదాకా, లేదా ఒకటిన్నర మీటరు వరకు, గుంట తవ్వుతారు. గుంట గోడను నున్నగా చెక్కుతారు. పిడికిలితో, నాలుగు వేళ్ళతో, ఒక వేలితో, పెన్సిలుతో, చివరకు కత్తితో గుచ్చి ఏ పొర ఎంత గట్టిదో చూస్తారు. పిడికిలి దిగేది మెత్తనిది; కత్తి మాత్రమే దిగేది గట్టిది. ప్రతి పది సెంటీమీటర్లకు ఉష్ణోగ్రత కొలుస్తారు. భూతద్దంతో రేణువు ఆకారం చూస్తారు. గట్టి పొర కింద మెత్తని పొర ఉంటే అక్కడ వేలు ఆగుతుంది.

తరువాత కదిలించి చూడటం. 2006 ప్రాంతంలో రాన్ సిమెన్‌హాయిస్, కార్ల్ బర్క్‌లాండ్ రూపొందించిన పరీక్ష ఇప్పుడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. వాలుకు అడ్డంగా 90 సెంటీమీటర్లు, నిలువునా 30 సెంటీమీటర్లు ఉండేలా మంచుదిమ్మను నాలుగువైపులా వేరుచేస్తారు. దాని ఒక కొసన పార ఆనించి చేతితో తడతారు. మణికట్టు ఆడించి పది, మోచేయి ఆడించి పది, భుజం నుంచి పది. దిమ్మ విరగడం ముఖ్యం కాదు. ఈ కొసన పుట్టిన పగులు ఆ కొస దాకా పాకిందా అన్నదే ప్రశ్న. పాకితే ఆ వాలు మేకు కోసం ఎదురుచూస్తున్న గోడ అన్నమాట.

గుంట తవ్వకముందే మంచు స్వయంగా చెప్పే సంగతులు కొన్ని ఉన్నాయి. పక్క వాలు మీద తాజాగా జారిన చరియ, అడుగు వేయగానే కాళ్ళ కింద ఎక్కడో దబ్బుమన్న లోతైన చప్పుడు, అడుగు నుంచి ముందుకు పరుగెత్తే పగుళ్ళు, ఒక్క రోజులో మూరెడు కురిసిన కొత్త మంచు, పెద్ద గాలి, హఠాత్తుగా ఎక్కిన ఎండ. వీటిలో ఒక్కటి కనబడినా గుంట ఎంత మంచిమాట చెప్పినా వెనుదిరగాలని అనుభవజ్ఞుల నియమం. గుంటకు ఆపడానికే అధికారముంది, పంపడానికి లేదు. 1922లో మాలరీకి తెలియనిది ఈ చివరి వాక్యమే.

* * *

మన దేశంలో ఈ విద్యకు అవసరం సరిహద్దుతో వచ్చింది. 1962 యుద్ధం తరువాత కనుమల మీద రోడ్లు, వాటి పైన స్థావరాలు పెరిగాయి. 1969లో రక్షణ పరిశోధనా సంస్థ కింద మనాలీలో మంచు, మంచుచరియల అధ్యయనానికి ఒక ప్రయోగశాల ఏర్పడింది. శాసే అన్న పొట్టిపేరుతో సైనికులకు అది సుపరిచితం. 2020లో మరొక సంస్థతో కలిసి పేరు మారినా చలికాలపు హెచ్చరికలు ఇవ్వడం కొనసాగుతూనే ఉన్నది. హిమాలయాలలో మంచు అంతా ఒక తీరుది కాదని మన శాస్త్రవేత్తలు గుర్తించారు. పీర్ పంజాల్‌లో మంచు విస్తారం, చలి కాస్త మితం. కారకోరంలో చలి భయంకరం, మంచు పొడి. అంటే ఒకచోట కొత్త మంచు బరువు ముప్పు. మరొకచోట అడుగున తయారయ్యే పంచదార ముప్పు. స్విట్జర్లాండు పుస్తకాన్ని యథాతథంగా అప్పగిస్తే సరిపోదు. 1979 మార్చిలో లాహౌల్ లోయలో వరుసగా విరిగిన చరియలు రెండువందల మందికి పైగా పల్లెవాసులను పొట్టనబెట్టుకొన్నాయి. 2005 ఫిబ్రవరిలో కాశ్మీరులోని వాల్టెంగు నార్ అనే ఊరు చాలావరకు పూడిపోయింది. సరిహద్దు కోసం మొదలైన విద్య ఊళ్ళకు చేరడం ఎంత అవసరమో ఈ రెండు సంఘటనలు చెబుతాయి.

ఇక్కడే మన ఊరు కథలోకి వస్తుంది. మంచు ముఖమెరుగని సికింద్రాబాదు, హిమాలయాల మంచును లెక్కపెట్టిన తొలి ఊళ్ళలో ఒకటి. 1974లో ఏర్పడిన జాతీయ దూరగ్రాహక సంస్థ తొలినాళ్ళలో సర్దార్ పటేల్ రోడ్డు మీదే ఉండేది. తరువాత బాలానగరుకు తరలింది. 2008లో ఇస్రోలో అంతర్భాగమైంది. షాద్‌నగర్ దగ్గర దాని భూకేంద్రం ఉపగ్రహ చిత్రాలను అందుకొనేది. 1980ల తొలినాళ్ళ నుంచి ఈ సంస్థ శాస్త్రవేత్తలు సట్లెజ్ పరీవాహక ప్రాంతంలో చలికాలం చివర మంచు ఎంత మేర పరచుకొని ఉన్నదో అమెరికా వాతావరణ ఉపగ్రహాల చిత్రాలలో కొలిచి, ఆ వేసవిలో భాక్రా జలాశయానికి ఎంత నీరు వస్తుందో ముందుగా అంచనా కట్టారు. ఏప్రిల్ ఎండలో ఉస్సురంటూ బల్లల ముందు కూర్చొని, కిన్నౌర్ కొండల మీది తెలుపును గళ్ళుగళ్ళుగా లెక్కించినవారిని తలచుకొంటే నాకు ఈ ఊరిపై గౌరవం పెరుగుతుంది.

అయితే పైనుంచి చూసే కంటికి ఒక చిక్కు ఉన్నది. మేఘమూ తెలుపే, మంచూ తెలుపే. విడదీయడం ఎలా? మన కంటికి కనబడని హ్రస్వ పరారుణ కాంతిలో మేఘం తెల్లగానే ఉంటుంది, మంచు మాత్రం నల్లబడుతుంది. 2003 అక్టోబరులో శ్రీహరికోట నుంచి ఎగిరిన రిసోర్స్‌శాట్-1 వంటి ఉపగ్రహాలలో ఆ కాంతిని పట్టే కన్ను ఉంది. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి. ఉపగ్రహం చదివేది చివరి పుటను. పంచదార పొర అడుగున ఉంటుంది. రాడార్ కిరణాలు పొడిమంచులోకి కొంత చొరబడగలవు. మేఘాన్ని, చీకటిని లెక్కచేయవు. జారిపడిన చరియల శిథిలాలను గుర్తించగలవు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచే వెళ్ళిన నైసార్ ఉపగ్రహంలో ఉన్నది అటువంటి రాడారే. అయినా ఒక ఫలానా వాలు మీద ఒక ఫలానా ఉదయం ఏ పొర దేనికి అంటుకొని ఉన్నదో చెప్పడానికి పారతో గుంట తవ్వే మనిషికి బదులు లేదు. ఉపగ్రహానిది విశాలం, గుంటది లోతు. మార్మొలాడాలో లోపించినది ఈ రెండింటి మధ్య మాట.

* * *

చదువరులు ఒక ప్రశ్న వేయవచ్చు: సోనంలో గుంట తవ్వి ఉంటే పదిమంది బతికేవారా? నిజాయితీగా జవాబు చెప్పాలంటే, అక్కడ కూలినది వాలు మీది పలక కాదు, మంచుగోడ. గట్టిపడిన మంచుగడ్డల గోడ ఎప్పుడు కూలుతుందో పొరల పరీక్ష చెప్పలేదు. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు నేపాల్ వైపున పదహారుమంది నేపాలీ పనివారిని చంపినదీ అటువంటి గడ్డే. 2021 ఫిబ్రవరి 7న చమోలీలో కూలినది ఇంకొక జాతి: సుమారు 2 కోట్ల 70 లక్షల ఘనపు మీటర్ల రాయి, హిమానీనదపు గడ్డ. అందులో అయిదింట నాలుగు వంతులు రాయే. రెండువందలకు పైగా జనం గల్లంతయ్యారు, మరణించారు. వీటన్నిటినీ మన పత్రికలు ఒకే మాటతో చెప్పాయి. మాట ఒకటైనప్పుడు వైద్యమూ ఒకటే అనిపిస్తుంది. పలకకు పరీక్ష ఉంది. గోడకు పరీక్ష లేదు. దాని కింద ఎంతసేపు ఉంటామన్నదే మన చేతిలోని లెక్క. కొండ ఎక్కేవాడు ఆ కింద నుంచి గంటలో దాటిపోగలడు. స్థావరంలో కాపలా ఉన్నవాడు వారాల తరబడి అక్కడే ఉండాలి. సియాచిన్‌లో 1984 నుంచి తూటాల కన్నా వాతావరణం, కొండ ఎక్కువమందిని తీసుకుపోవడానికి కారణం అదే. అవతలి సైన్యానికీ అదే గతి: 2012 ఏప్రిల్ 7న గయారీలో పాకిస్తాన్ శిబిరం మీద చరియ పడి 140 మంది మరణించారు. కొండకు ఉభయపక్షాలూ ఒకటే బరువు.

అదే 2014లో మరొక తెలుగు కథ నడిచింది. సికింద్రాబాదు నుంచి కాజీపేట వైపు రైలెక్కితే దారిలో భువనగిరి ఏకశిల కనబడుతుంది. పశ్చిమ చాళుక్యుల నాటి కోట దాని నెత్తిన ఉంది. ఆ బండ మీద రాతి ఎక్కుడు నేర్చుకొన్న సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులలో ఇద్దరు, నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్, తరువాత డార్జిలింగులోనూ లద్దాఖు చలిలోనూ తర్ఫీదు పొంది ఎవరెస్టుకు వెళ్ళారు. పదహారేళ్ళు నిండనివారికి నేపాల్‌లో అనుమతి లేదు. కనుక టిబెట్టు వైపు నుంచి ఎక్కారు. మే 25న శిఖరం చేరేనాటికి పూర్ణకు పద్నాలుగేళ్ళు నిండలేదు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడటానికి ఇంకా ఎనిమిది రోజులుంది. ఆ దారిలో నార్త్ కోల్ వస్తుంది. 1922లో ఏడుగురు కూలీలు మరణించిన కనుమ అదే. ఇప్పుడు అక్కడ తాళ్ళు కట్టి ఉంటాయి, వాతావరణం ముందుగా తెలుస్తుంది, వాలును ఎరిగిన షెర్పాలు ముందు నడుస్తారు. ఒక వ్యవసాయ కూలీ కూతురు ఆ కనుమ దాటి క్షేమంగా దిగిరావడంలో ఆమె ధైర్యంతో పాటు, ఆ ఏడుగురి నుంచి లోకం నేర్చిన పాఠం కూడా ఉంది.

పాఠం నేర్చినంత మాత్రాన అయిపోలేదు. ఇయాన్ మెకామన్ అనే అమెరికా పరిశోధకుడు 715 మంచుచరియ ప్రమాదాలను పరిశీలించి, తర్ఫీదు పొందినవారు కూడా స్పష్టమైన గుర్తులను దాటుకొని వెళ్ళి చిక్కుకొన్నారని చూపారు. తెలిసిన దారి కదా అన్న చనువు, ముందు ఎవరో నడిచిన అడుగుజాడలు, శిఖరం దగ్గర పడిందన్న ఆత్రం, నాయకుడు చూసుకొంటాడులే అన్న నిశ్చింత, ఇవే కారణాలు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా మీద శిక్షణలో ఉన్న బృందం మంచుచరియలో చిక్కుకొని 29 మంది మరణించారు. వారిలో ఆ ఏడాదే పదహారు రోజుల వ్యవధిలో ఎవరెస్టునూ మకాలూనూ ఎక్కిన సవితా కన్స్‌వాల్ ఉన్నారు. కొండ మనిషి అర్హతలను చూడదు. 1994లో ప్రచురితమైన స్విట్జర్లాండు లెక్కల ప్రకారం, మంచు కింద పూర్తిగా పూడినవారిని పావుగంటలోపు తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. 35 నిమిషాలకు ముగ్గురే. ఆరురోజులు బతికిన హనుమంతప్ప ఆ లెక్కకు అందనివారు. లెక్కకు అందనివారిని చూసి ధైర్యం తెచ్చుకోకూడదు.

* * *

ఇంత చదివిన తరువాత నాకు మిగిలినది ఒకటే. కొండవాలు మౌనం క్షేమానికి సాక్ష్యం కాదు. నిన్న కదలలేదు కనుక నేడు కదలదన్నది మౌలాలి గుట్టకు చెల్లుతుంది, మంచుకు చెల్లదు. కొండంత అండ అన్న మాట గ్రానైటు దేశంలో పుట్టింది. ఆ నమ్మకాన్ని మూటగట్టుకొని మన పిల్లలు ఉత్తరాదికి రైలెక్కుతున్నారు. కొందరు ఉద్యోగానికి, కొందరు శిఖరానికి. వారికి మనం ఇవ్వగలిగిన సాయంలో మాటలు కూడా ఉన్నాయి. పలక వేరు, గోడ వేరు, రాతిచరియ వేరని మన భాషలో చెప్పగలిగితే, ఏది ముందుగా తెలుసుకోదగ్గదో, ఏది కాదో అడిగే హక్కు వారి తల్లిదండ్రులకు కూడా వస్తుంది. అడుగున మొలిచే ఆ రేణువులను నేను పంచదార మంచు అన్నాను. మీలో ఎవరికైనా ఇంతకన్నా మంచి మాట తోస్తే చెప్పండి, సంతోషంగా మార్చుకొంటాను.

గుంట తవ్వి చదువుకొన్నవారు వెళ్ళేముందు దానిని మళ్ళీ పూడ్చివేస్తారట. వెనుక వచ్చేవాడు అందులో పడకూడదని. అది కూడా ఈ విద్యలో భాగమే. పార్నపల్లిలోనూ, 1922లో మరణించిన ఆ ఏడుగురి ఊళ్ళలోనూ పూడని గుంటలు మిగిలే ఉన్నాయి. వెనుక వచ్చేవారు పడకుండా చూడటమే మన వంతు.